మర రాయి వెనక చేప

లోత్ రామ్‌కు వారం రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. కోల్‌కతా నుంచి సేన్ గారు వచ్చేది రేపే. ఏటా మార్చిలో వచ్చి లోత్ రామ్ ఇంట్లో దిగి, కొండల్లోంచి దూకే తీర్థన్ నదిలో ఒక్క పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపనైనా పట్టి, చంటిపిల్లను దించినట్టు మళ్లీ నీళ్లలో వదిలి వెళ్లే మనిషి. "ఏ రాయి కింద ఏ చేప ఉందో లోత్ రామ్‌ని అడగండి" అని ఆయన చెప్పి పంపించే నలుగురు అతిథుల మీదే ఈ ఇల్లు నడుస్తోంది.

కిందటి వానాకాలం వచ్చిన వరద ఆ రాళ్లన్నిటినీ తారుమారు చేసింది. తెలిసిన మడుగులు పూడిపోయాయి. రోజూ తెల్లారగానే గాలం కర్ర భుజాన వేసుకుని వెతుకుతున్నాడు. లోతున్నచోట నీడ లేదు. నీడ ఉన్నచోట రాయి తిరగేస్తే ఒక్క పురుగు లేదు. పెద్ద ట్రౌట్‌కు మూడూ కావాలి. మగపెళ్లివారైనా కాస్త తగ్గుతారేమో గానీ అది తగ్గదు.

వంతెన దగ్గర టీ కొట్టు బేలీ రామ్ ఊరుకోడుగా.

"ఏం లోతూ, నదికి కాపలా కాస్తున్నావా? పైకి పోతావు, కిందికొస్తావు. మర మలుపు చూశావా?"

"నోరు మూసుకుని టీ పొయ్యి."

చూడలేదు. ఆ మలుపులో అన్న టేక్ చంద్ నడిపే, పిండి పట్టే నీటి మర ఉండేది. వరదొచ్చిన రోజు కాలవ తలుపు మూసొస్తానని వెళ్లిన అన్న మరతో పాటే కొట్టుకుపోయాడు. శవమైనా దొరకలేదు. అప్పట్నుంచి బాట అక్కడికి రాగానే లోత్ రామ్ కొండెక్కి, చుట్టు తిరిగి అవతల దిగుతాడు. నది మీద పీకలదాకా కోపం, బతుకు చూస్తే ఆ నది మీదే.

సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చి కర్రను మూలకు గిరాటేశాడు. వదిన సుర్మీ పిండి ముద్ద గుడ్డలో చుట్టుకుంటోంది.

"దొరికిందా?"

"లేదు వదినా. ఇది మన నది కాదు. ఎవరిదో పరాయి నది."

"మర దగ్గర చూడకపోతే ఎలా దొరుకుతుంది? పద, చూపిస్తాను."

"నేను రాను."

"నేను రోజూ వెళ్తున్నాను. ఒక్కదాన్నే."

గడ్డికి వెళ్తోందనుకున్నాడు ఇన్నాళ్లూ. సిగ్గుతో తల వంచుకుని ఆమె వెంట నడిచాడు.

మలుపులో మర ఆనవాళ్లే లేవు. మర తిరగలి పైరాయి ఒక్కటే రెండు బండల మధ్య నిలువునా ఇరుక్కుని ఉంది. నీరు దానికి కొట్టుకుని చీలి, వెనక నల్లగా నెమ్మదించింది. ఏడుపొస్తున్నా లోత్ రామ్ కళ్లు చేపను వెతుకుతూ నురగ పోయే దారి వెంట పోయాయి. పాడు అలవాటు.

సుర్మీ పిండిని చిటికెలు చిటికెలుగా విసిరింది. చిన్న చేపలు మూగాయి. వాటి కింద చెయ్యంత పొడుగు చేప ఒకటి కదిలింది. పసుపు పొట్ట, ఒంటినిండా చుక్కలు. చిన్న చేపల్లో ఒకటి మాయమైంది.

"పిండి వాసన తగిలితే మీ అన్న ఎక్కడున్నా వస్తాడని మొదట్లో వేసేదాన్ని," అంది సుర్మీ. "ఇది వచ్చింది."

లోత్ రామ్ నీటి అంచున గొంతుక్కూర్చున్నాడు. "సేన్ గారికి చెప్పనులే వదినా. ఇది నీది."

"పట్టి వదిలేస్తాడుగా మీ ముసలాయన?"

"వదిలేస్తాడు. దెబ్బ కూడా తగలనివ్వడు."

"నది కంటే మనుషులే నయం." ఆమె నీళ్లకేసి చూస్తూనే ఉంది. "తీసుకురా. ఇక్కడ నవ్వండి, గోల చెయ్యండి. రొట్టెలు నేను తెస్తాను. ఒక్కదాన్నే నిలబడి నిలబడి విసుగొచ్చింది లోతూ."

మిగిలిన ముద్దలో సగం తుంచి అతని చేతిలో పెట్టింది. దాన్ని విసిరే ముందు లోత్ రామ్, వరద తర్వాత మొదటిసారి, "అన్నా" అని నోరారా పిలిచాడు.