ఇంగ్లీషు బల్ల మీద ఫోను

హైల్వెన్ రోజూ తొమ్మిదింటికల్లా కౌన్సిల్ ఆఫీసుకు వచ్చి, టీ పెట్టుకుని, ఆ ప్రాంతపు సొంత భాష వెల్ష్ మాట్లాడతానని తెలిపే నారింజరంగు బ్యాడ్జీ కోటుకు తగిలించుకుని, వెల్ష్ ఫోను ముందు కూర్చునేది. జనానికి ఇంగ్లీషు, వెల్ష్ రెండు భాషల్లోనూ జవాబు చెప్పాలని ప్రభుత్వం పెట్టించిన ఫోను అది. బతికున్నవాళ్ళు దానికి చేసేది తక్కువ. ఇంట్లో పొద్దస్తమానం వెల్షే మాట్లాడుకునేవాళ్ళు కూడా ఆఫీసు పని అనేసరికి ఇంగ్లీషు నంబరు నొక్కేవారు. "మాది వంటింటి వెల్ష్, మీ కాగితాలకు పనికిరాదమ్మా" అనేవారు. చేసేదంతా పోయినవాళ్ళే. చెత్తబండి ఏ రోజు వస్తుంది, చర్చి ముందు దీపం ఎప్పుడు బాగుచేస్తారు అని అడిగేవారు. హైల్వెన్ ఓపిగ్గా చెప్పేది.

పోయినవాళ్ళు నంబర్లు నొక్కరు. బతికుండగా కాగితం మీద ఏ భాష రాయించుకుంటే ఆ ఫోనుకే వస్తారు. అందుకే హైల్వెన్ నాన్న ఎమ్రిస్ పోయి మూడేళ్ళయినా ఆమెకు ఒక్కసారీ ఫోను రాలేదు.

ఆ కాగితం నింపింది తనే. ఇంటికొచ్చి ఆయన్ని చూసుకునే మనిషి కోసం పెట్టిన దరఖాస్తు. వెల్ష్ వచ్చిన మనిషి కావాలంటే ఆరు వారాలు ఆగాలన్నారు. "నీకు ఏది తొందరగా తెములుతుందో అదే రాయి తల్లీ" అన్నాడు ఎమ్రిస్. ఇంగ్లీషు గడిలో టిక్కు పెట్టింది. నెల తిరక్కుండా పక్షవాతం వచ్చి, ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆస్పత్రివాళ్ళు కాగితం చూసి, ఆయన పోయేదాకా, తొమ్మిది రోజులూ ఇంగ్లీషులోనే పలకరించారు. ఆమె డ్యూటీ దిగి వెళ్ళేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. ఆ పగళ్ళన్నీ ఆమె ఇక్కడ కూర్చుని ఊరందరికీ వెల్ష్‌లో జవాబులు చెప్పింది. అది తలుచుకుంటే ఆమెకు తన గొంతు మీదే అసహ్యం వేసేది.

ఒక సోమవారం టీ తాగుతూ, ఇంగ్లీషు ఫోను చూసే కెల్విన్ అన్నాడు: "మంగళవారం పదింటికి ఒక ముసలాయన చేస్తాడక్కా. మీ భాషలో ఏదో అంటాడు. నాకు రాదండీ అంటాను. ఈల వేసుకుంటూ పెట్టేస్తాడు. ఒకటి పొడుగు, రెండు పొట్టి."

అది ఎమ్రిస్ తన గొర్రెల కుక్కను పిలిచే ఈల. హైల్వెన్ కప్పు కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నేను చేరినప్పట్నుంచీ. రెండేళ్ళు దాటింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నా ఫోనుకొచ్చాడంటే కాగితంలో ఇంగ్లీషనే ఉన్నట్టు కదక్కా."

మర్నాడు ఆమె నాన్న పాత దరఖాస్తు బయటికి తీసి కెల్విన్ కుర్చీలో కూర్చుంది. పదింటికి ఫోను మోగింది.

"నాన్నా, నేను."

"నువ్వా తల్లీ. పనిలో ఉన్నావేమో, తర్వాత చేయనా?"

"వద్దు. నీ కాగితం మారుస్తున్నా. ఏ భాష రాయమంటావు?"

"నీకు ఏది తొందరగా..."

"నా సంగతి వదిలెయ్. నీకేది కావాలి?"

"అయితే మనదే రాయి" అన్నాడు మొహమాటంగా.

ఆమె వెల్ష్ గడిలో టిక్కు పెట్టింది. ఆఫీసు అలవాటు కొద్దీ, "ఇంకేమైనా కావాలా?" అని అడిగింది.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా అమ్మా. ఆస్పత్రిలో చేరిన రోజు నుంచీ అడుగుతున్నా. ఎవరికీ అర్థం కావట్లేదు."

హైల్వెన్ లేచి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి రిసీవరు పక్కన పెట్టింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది.