మల్లన్న చెవి

మల్లేశ్వర్ సగం ఒళ్ళు కారులో, సగం బయట పెట్టి డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి ఉన్నాడు. డోరు గడప వీపులో గుచ్చుకుంటోంది. నోట్లో టార్చిలైటు ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన తిట్లు ఈపాటికి హైవే దాటి అవతలి హోటల్ దాకా వినబడేవి.

గగన్‌పహాడ్ హైవే పక్కన ఆయనదో రేకుల షెడ్డు. లారీలకు హారన్లు, కార్లకు పాటల సెట్లు బిగించడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. ఏ బండిలో ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో పట్టడంలో మాత్రం ఆయనకు సాటి లేదు. కర్రపిడి ఉన్న మూరెడు స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది. దాని మొన ఇంజను మీద, పిడి చెవి మీద ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "మల్లన్న చెవి పెడితే చాలు" అని ఎయిర్‌పోర్టు క్యాబుల వాళ్ళు శంషాబాద్ నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. చదువు లేదు, పొలం లేదు, ఆ చెవే ఆయన ఆస్తి.

కారు వరప్రసాద్‌ది. రిటైరై అత్తాపూర్‌లో ఉంటున్న గోదావరి జిల్లా మనిషి. బండికి ఇరవై ఏళ్లు దాటాయి. ఇంజను తిరుగుతుంటే పాట వెనకాల సన్నగా కూత వస్తుంది. యాక్సిలేటరు తొక్కితే ఆ కూతా పైకి లేస్తుంది. దీనికోసం ఆయన రావడం ఈ నెలలో మూడోసారి. మొదటి రెండుసార్లూ మల్లేశ్వర్ ఏదో వైరు మార్చి, చెవి పెట్టి విని, పోయిందని పంపించాడు.

"ఉందండీ మల్లేశ్వర్ గారూ, స్పష్టంగా వినిపిస్తోంది," అన్నాడు వరప్రసాద్ స్టీరింగు ముందు కూర్చుని.

మల్లేశ్వర్ టార్చి ఉమ్మేసినట్టు తీశాడు. "ఏడుంది సార్? నాకైతే ఇనబడ్తలేదు. అనుమానం పెట్టుకోని ఇంటే ఉన్నట్టే ఉంటది."

"అనుమానమేంటండీ? మా ఆవిడ తలనొప్పి వస్తోందని నిన్న పాటలు కట్టేయించింది."

మల్లేశ్వర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పనిలో పుట్టి పనిలో పెరిగినవాడికి, కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి చప్పుడు గురించి చెప్పడమా! పక్క షెడ్డులో కంప్రెసర్ నడుపుతున్న సోమయ్య మీద అరిచి దాన్ని ఆపించాడు. స్పీకరుకు చెవి ఆనించాడు. పాట వినబడింది. పాట వెనకాల ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూసి కోపం ఇంకా పెరిగింది. ఆ కోపం అడుగున భయం ఉంది. దాన్ని పైకి రానీయకుండా ఉండాలంటే ఎవరినో ఒకరిని తిడుతూ ఉండాలి.

అప్పుడే ఆయన భార్య శివమ్మ సద్దిగిన్నె పట్టుకుని ఆటో దిగింది. కారు దగ్గరికి వస్తూనే మొహం చిట్లించింది.

"ఏందయ్యా, గీ బండి కుయ్యిమంటున్నది?"

వరప్రసాద్ తల తిప్పి మల్లేశ్వర్ వైపు చూశాడు. ఆ చూపు మల్లేశ్వర్‌కు చెంపదెబ్బలా తగిలింది.

"నీకేం ఎర్కనే? రోడ్డు మీద నూరు బండ్లు పోతున్నయ్, ఏది కుయ్యిమంటే నీకేంది?"

"కుక్కర్ సీటీ అసొంటి సన్నటి సప్పుడు నీకు ఇనబడక ఏడాదైంది. దవాఖానకు పోదామంటే నా మీదికే లేస్తవు."

"లారీ ఇనబడ్తది, విమానం ఇనబడ్తది, నీ లొల్లి గూడ ఇనబడ్తది! ఏమైంది నా చెవులకు?"

శివమ్మ గిన్నె బల్ల మీద పెట్టి వచ్చి, తెరిచిన డోరు పక్కన నిలబడింది.

"నువ్వు పని చెయ్యి. సప్పుడు నేనింట," అంది.

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. పక్కసీటు ముందు మోకాళ్ళ మీద వంగి కార్పెట్ ఎత్తాడు. బ్యాటరీ నుంచి పొడవాటి ఎర్త్ వైరు ఒకటి లాగి, దాని కొసను వైర్ల ఒక్కో అతుకుకూ తాకించసాగాడు; ఎక్కడ తాకినప్పుడు కూత ఆగితే తప్పు అక్కడే. వరప్రసాద్ యాక్సిలేటరు తొక్కి పట్టుకున్నాడు. శివమ్మ చెయ్యి మొగుడి వీపు మీద ఉంది. ఒక అతుకు, రెండు, మూడు. నాలుగోదానికి ఆ చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఆగింది."

"ఎవడో గాడిద కొడుకు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు మల్లేశ్వర్. స్టీరియో ఎర్త్ వైరును బాడీకి రంగు గీకకుండానే స్క్రూ బిగించేశారు. రంగు మీద బిగిస్తే ఎర్త్ ఆనక కూత పుడుతుందన్నది పని నేర్చిన మొదటి వారంలో తెలిసే సంగతి. స్క్రూ కొత్తది. వైరుకు పసుపు టేపు, టేపు మీద పురికొస ముడి. ఆ ముడి ఈ హైవే మీద ఇంకెవరూ వెయ్యరు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయనే తొందరలో బిగించాడు. కూత వినబడలేదు కాబట్టి పోయిందనుకున్నాడు.

బ్లేడుతో రేకు తెల్లగా మెరిసేదాకా గీకాడు. ఒకసారి వేలు తెగింది. మళ్ళీ బిగించాడు.

"అబ్బ, ఇప్పుడు హాయిగా ఉందండీ!" అన్నాడు వరప్రసాద్. "చూశారా, నేను చెప్పలేదూ?"

మల్లేశ్వర్ కూడా విన్నాడు. కూత ఉన్నప్పుడు పాట ఎలా వినబడిందో, పోయాక కూడా అలాగే వినబడింది. తేడా ఏమిటో శివమ్మ మొహంలో చూసి తెలుసుకోవలసి వచ్చింది.

"ఇగ నా దగ్గరికి రాకుండ్రి సార్," అన్నాడు. "వేరే మనిషిని చూస్కోండ్రి. నాకు ఇనబడదు."

వరప్రసాద్ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వెంటనే లారీ యాదగిరి కొత్త గాలి హారన్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "మల్లన్నా, బిగించి జర ఒత్తి చూడే."

"తీస్కపో! ఇరవై ఆరేండ్లు మీ హారన్లు చెవి పక్కన పెట్టుకోని ఒత్తి ఒత్తి చూసిన. తిన్నయ్, నా చెవులు మంచిగ తిన్నయ్!" ఆ అరుపుకు సోమయ్య పక్క షెడ్డులోంచి తల బయట పెట్టాడు. పాపం యాదగిరి ఏం చేశాడు? పక్కన నిలబడి ఒత్తి చూడందే హారన్ బిగించినట్టు కాదన్నది మల్లేశ్వర్ పెట్టుకున్న నియమమే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచాడు.

అరుపు అయిపోయాక ఆయన దగ్గర ఇంకేమీ మిగలలేదు. చేతులు కడుక్కున్నాడు. అన్నం తినలేదు.

"పా, దవాఖానకు," అన్నాడు. "ఇగ ఈ పని బంద్."

శివమ్మ సద్దిగిన్నె తీసుకుంది. షట్టర్ సగం దిగాక లోపలికి వంగి చూసి, "నీ స్క్రూడ్రైవర్ మరిచినవ్," అంది.

"ఉండనీ."

షట్టర్ దిగింది. చీకట్లో బల్ల మీద, చెవి ఆనీ ఆనీ నున్నగా అరిగిన పిడితో ఆ మూరెడు స్క్రూడ్రైవర్ ఉండిపోయింది.