ముప్పైతొమ్మిది మట్టిముద్దలు

కాలనీ కమిటీ అధ్యక్షుడు సంపత్ పోలీసులకిచ్చిన అనుమానితుల కాగితంలో మొట్టమొదటి పేరు యాదవ్వది రాశాడు. పాలవాడి పేరు ఆమె తర్వాత, చెత్త ట్రాక్టరు డ్రైవరు పేరు ఆ తర్వాత. ఎందుకట్లా అని అడిగితే అక్షరాల వరుసలో రాశానన్నాడు. ఐదో తరగతితో బడి మానేసినవాడే అయినా, ఆ వరుసలో 'య' ఎక్కడుంటుందో హనుమాండ్లుకు తెలుసు.

ఇరవై రెండు రోజులుగా, పొద్దున్నే వాల్వు గుంత ముందు వంగినప్పుడల్లా అతనికి ఆ కాగితమే కళ్లముందు ఆడుతోంది. ఈరోజూ అంతే. ఇనుపరాడ్డును గుంతలోకి దింపి, రెండు చేతులా పట్టుకుని తిప్పసాగాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, పదకొండు చుట్లు తిప్పితే గాని కాలనీకి నీళ్లు పోవు. ఏడో చుట్టు దగ్గర రాడ్డు మొరాయిస్తుంది. అప్పుడు ఎడమ మోకాలు నేలకానించి, భుజం మొత్తం దాని మీద మోపాలి. పద్నాలుగేళ్లుగా మోపీ మోపీ ఆ భుజం రెండోదానికన్నా బెత్తెడు కిందికి జారింది. ఎప్పుడూ తడిలో నానే కాలివేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయి ఉంటాయి. పైపులో నీళ్లు గరగరమని కదిలిన చప్పుడును బట్టి ఏ ఇంటి నల్లా ముందు తిప్పారో చెప్పగలడు. ఆ ఇళ్లవాళ్లకు మాత్రం అతని పేరు తెలియదు. 'నీళ్లాయన' అంటారు.

ఎల్లారెడ్డి శివార్లలోని ఆ కాలనీలో ముప్పైఆరు ఇళ్లున్నాయి. ట్యాంకు కింద రేకుల గదిలో హనుమాండ్లు, అతని భార్య యాదవ్వ ఉంటారు. యాదవ్వ ఐదిళ్లలో అంట్లు తోముతుంది. ఆ ఐదింటిలో ఒకటి ఉమారాణి టీచరుది. టీచరమ్మ అక్క కూతురి పెళ్లికని కామారెడ్డి వెళ్తూ, తులసికోటకు నీళ్లు పొయ్యమని ఇంటి తాళంచెవి యాదవ్వ చేతిలో పెట్టింది. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే, బీరువాలో పెట్టి వెళ్లిన రెండు తులాల గొలుసు లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

పోలీసులను తప్పుపట్టడానికి లేదు. యాదవ్వను నాలుగుసార్లు పిలిచారు, అడిగారు, పంపించారు. చెయ్యి ఎత్తినవాళ్లు లేరు. బీట్ కానిస్టేబుల్ భీమేష్ నిన్నమొన్నటి పిల్లాడైనా మంచివాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, "మీరు జూస్తేనే మాకు కనవడ్తది" అని చెప్పేవాడు. నాలుగు మూలలా కెమెరాలు పెట్టించాడు. బండ్లలో పెట్రోలు దొంగతనాలు నిజంగానే ఆగాయి. ఒకసారి నంబరు లేని ఆటో తిరుగుతోందని ఫోన్ చేసినందుకు హనుమాండ్లుకు అందరిముందూ చప్పట్లు కొట్టించాడు కూడా. ఆ వారమంతా హనుమాండ్లు కాలనీలో తలెత్తుకు నడిచాడు.

ఇప్పుడు మిగతా నాలుగిళ్లూ యాదవ్వను పనికి రావద్దన్నాయి. ఎవరూ తిట్టలేదు. "తర్వాత జెప్తం లే" అన్నారు. దారిలో ఆమె ఎదురైతే అందరి చూపూ ముందు ఆమె కొంగుముడి మీదికి పోయేది. ఆమె రెండు బుక్కలు తిని చెయ్యి కడుక్కునేది.

ముద్దల ఆలోచన భీమేష్‌దే.

"మా అవ్వ జెప్పేది. ఊర్ల సొమ్ము పోతే ఇంటికో మట్టిముద్ద జేసి, చీకటి అర్రల గంగాళంల ఏసేటోళ్లట. తీసినోడు ముద్దల వెట్టి వాపసు ఇయ్యొచ్చు. ఎవరి ముద్దనో ఎవరికీ తెల్వది. మనం అడుగుడు సుత లేదు. కేసు ముందలికి పోకుండ ఎస్సై సార్‌కు నేను జెప్పుకుంట" అన్నాడు.

అందరూ ఒప్పుకున్నారు. సంపత్ అయితే చప్పట్లే కొట్టాడు. ముప్పైఆరు ఇళ్లు, కాగితం మీది ముగ్గురు, మొత్తం ముప్పైతొమ్మిది ముద్దలు. మున్సిపాలిటీ మనిషి కాబట్టి హనుమాండ్లు పేరు కాగితంలో లేదు.

నిన్న సాయంత్రం యాదవ్వ గడప దగ్గర కూర్చుని మట్టి పిసికింది. ఎండితే పగలకుండా, గోడకు మెత్తేటప్పుడు వేసినట్టే, అందులో గుప్పెడు వరిపొట్టు కలిపింది.

"ఇటియ్యే, నేనేసొస్త. నీకెందుకు ఆల్ల మొకాలు జూసుడు" అన్నాడు హనుమాండ్లు.

హాలు వెనక ముద్దను రెండుగా విరిచాడు. బనీను లోపల దాచిన గొలుసును అందులో పెట్టి, మళ్లీ గుండ్రంగా అదిమాడు. రెండు తులాలదే. మొన్న గురువారం కామారెడ్డిలో కొన్నాడు. బిల్లుకు పేరు, ఫోన్ నంబరు చెప్పమంటే దుకాణంవాడికి చెప్పాడు. తనది కాని పేరు చెప్పాలన్న ఆలోచనే రాలేదతనికి. గొలుసు దొరికితే గొడవ సద్దుమణుగుతుంది, యాదవ్వ మళ్లీ నలుగురిళ్లలోకి నడుస్తుంది, అంతే అతను కోరుకున్నది.

తొమ్మిదింటికి హాలు నిండిపోయింది. భీమేష్ యూనిఫాం చేతులు పైకి మడిచి, నీళ్ల టబ్బులో ఒక్కో ముద్దనూ పిసుకుతున్నాడు. కొన్ని రాయిలా గట్టిపడ్డాయి. ఒకదాంట్లో ఎవరో పిల్లలు గోలీ పెట్టారు. అందరూ నవ్వారు. ఇరవై ఏడో ముద్ద విచ్చుకోగానే పసుపుపచ్చగా మెరిసింది.

హాలంతా ఒక్కసారి చప్పట్లతో మోగింది. "దొంగకు సుత ఇంట్ల పిల్లలుంటరు. భయమైంది వానికి" అంది మూలింటి ముసలమ్మ నాగవ్వ, చేతులు జోడించి.

హనుమాండ్లు తలుపు దగ్గర నిలబడ్డ యాదవ్వ వైపు చూశాడు. ఆమె చప్పట్లు కొట్టడం లేదు. గొలుసును చూడటం లేదు. టబ్బులో నీళ్ల మీద తేలుతున్న వరిపొట్టును చూస్తోంది. ముప్పైతొమ్మిది ముద్దల్లో పొట్టు కలిపిన ముద్ద ఒక్కటే. ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

ఉమారాణి టీచరు గొలుసును కడిగి, కిటికీ వెలుతురులో పట్టుకుంది.

"గిది నాది కాదు సార్. నాది తొమ్మిదేండ్ల కింది గొలుసు, కొక్కెం కాడ అరిగిపోయింది. గిది కొత్తది."

చప్పట్లు ఆగిపోయాయి. భీమేష్ గొలుసు చేతికి తీసుకున్నాడు.

"ఎవరు వెట్టిన్రో అడగొద్దనుకున్నం గదా" అన్నాడు చివరికి.

"గొలుసు దొరికితే అడగం అన్నం" అన్నాడు సంపత్. "దొరకలే గదా. మరి గా మాటెట్ల నడుస్తది? కొక్కెం మీద దుకాణం ముద్ర ఉంటది, జూడుండ్రి."

ముద్ర ఉంది. ఫోన్ చేశారు. పది నిమిషాల్లో బిల్లు ఫోటో వచ్చింది. భీమేష్ దాన్ని చదివి ఫోన్ జేబులో వేసుకోబోయాడు గానీ, అప్పటికే సంపత్ అతని భుజం మీదుగా చూసి హనుమాండ్లు పేరు పైకి చదివేశాడు.

భీమేష్ అడిగాడు: "ఎందుకు కొన్నవే అన్నా?"

"ఊకుంటరని."

"పైసలెక్కడియి?"

"జాగ అమ్మిన."

"తప్పు జెయ్యనోడు జాగమ్మి బంగారం కొంటడా?" అన్నాడు సంపత్. అతను హనుమాండ్లును అడగలేదు, హాలును అడిగాడు. హనుమాండ్లు ఆ మాటను మనసులో అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

భీమేష్ గొలుసును కాగితంలో చుట్టి, పేరు రాసి, సంతకం పెట్టించుకున్నాడు. ఇక తన చేతిలో లేదన్నాడు. రేపు పదింటికి ఇద్దరినీ స్టేషన్‌కు రమ్మన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నేలచూపులు చూశాడు.

రాతకోతలన్నీ ముగిసి, సాయంత్రం కావస్తుండగా గదికి వచ్చేసరికి, హాల్లో జరిగిందంతా అప్పటికే చెవిన పడ్డ యాదవ్వ చీరలు సంచిలో సర్దుతోంది.

"నేను తియ్యలేదని నీకు ఎన్నిమాట్ల జెప్పిన?"

"నేను నమ్మలేదా ఏందే? ఆల్ల నోర్లు మూయిద్దామని…"

"మరి పొయిన అయితారం నా పెట్టె ఎందుకు తీసినవ్?"

అతను తలుపుచెక్క పట్టుకుని నిలబడిపోయాడు.

"చీరెల మడతలు నాకు ఎరుకలేవా? అడుగుదాకా దేవులాడినవ్. దొరకలే. దొరకకున్నా నేనే తీసిన్నని జాగ అమ్మినవ్." ఆమె గొంతు పెంచలేదు. "పోలీసోళ్లు నన్ను అడిగిన్రు. అడుగుడు ఆల్ల పని. నువ్వు అడగనన్న అడగకపోతివి."

"యాడికి పోతవ్?"

"మద్నూరు. మా అక్క ఇంటికి."

"రేపు స్టేషన్‌కు రమ్మన్నరు."

"నంబరున్నది ఆల్ల కాడ. పిలిస్తే ఆన్నుంచే వస్త."

"మల్ల ఎప్పుడొస్తవే యాదీ?"

ఆమె సంచి మూతి ముడేసింది. "నాలుగైతున్నది. పో, నీళ్లిడువు. లేకుంటే అది సుత నా మీదనే వెడ్తరు."

అతను వెళ్లాడు. వెళ్లకపోతే ఏమవుతుందన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. మోకాలు ఆనించి, భుజం మోపి పదకొండు చుట్లు తిప్పాడు. మేడ మీద నుంచి సంపత్ తొంగిచూసి, "సన్నగొస్తున్నయ్, ఇంకో సుట్టు తిప్పు" అన్నాడు. ఇంకో చుట్టు తిప్పాడు. జేబులో ఫోన్ మోగింది. కాలనీ గ్రూపులో ఎవరో రాశారు: పోలీసుల, ప్రజల సహకారంతో నేడు దొంగ దొరికాడు, అందరికీ ధన్యవాదాలు. దాని కింద ఒకటొకటిగా దండాలు వచ్చి చేరుతున్నాయి. అవతల రోడ్డు మీద, మద్నూరు పోయేవాళ్లు ఎక్కే బాన్సువాడ బస్సు ఆగి, మళ్లీ కదిలింది. ఎవరెక్కారో వాల్వు గుంతలోంచి కనిపించదు.

అతను తిరిగొచ్చేసరికి గది ఊడ్చి ఉంది. అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉంది. పొయ్యి పక్కన పీట మీద, గాలికి ఎగరకుండా ఉప్పుడబ్బా బరువు పెట్టి, యాదవ్వ తీసి వదిలివెళ్లిన, అమ్మేసిన జాగ పాత పట్టా పాసుపుస్తకం తెరిచి ఉంది: లింగంపేట మండలం, ఖాతాదారు హనుమాండ్లు, విస్తీర్ణం సున్నా ఎకరాల ఎనిమిది గుంటలు.