ఉత్తుత్తి టీ

నర్సరీ ఆయా సువార్తమ్మ బొమ్మకప్పులను సబ్బునీళ్ళలో ముంచి, ఒక్కొక్కదాని అడుగునా వేలు పెట్టి తోముతోంది. ఏడు కప్పులు. వాటిలో ఏనాడూ ఒక్క చుక్క టీ పడింది లేదు. అయినా రోజూ కడగాల్సిందే. కొట్టు తెరిచే యజమానురాలు వాసన చూసి మరీ తీసుకుంటుంది.

ఆ యజమానురాలు రోజీ. నాలుగేళ్ళది. ఈ అరబ్బు దేశంలో, తుబ్లీ ఊళ్ళో కార్ల మెకానిక్ బెన్‌హర్ కూతురు. జింజ్‌లోని ఈ నర్సరీలో చేరి మూడు నెలలైనా క్లాసులో పెదవి విప్పలేదు. కానీ మూలన అట్టపెట్టెల టీకొట్టు వెనక నిలబడిందా, ఇక ఆగదు.

"రండి రండి, కూర్చోండి. పంచదారెంతండీ? రెండా? ఆయ్!"

ఆ 'ఆయ్' సువార్తమ్మదే, రాజోలు నుంచి వచ్చింది. కొట్టు నియమం మాత్రం రోజీది. పోసిన టీ ఊదుకుని, జుర్రుమని పూర్తిగా తాగాలి. తాగని కప్పు ఆమె వెనక్కి తీసుకోదు. నడుం పీకుతున్నా ఆ చిట్టికుర్చీలో ఇరుక్కుని సువార్తమ్మ రోజుకు పదిహేను టీలు తాగుతుంది. తన కూతురు రాజోల్లో ఇసుకతో అన్నం వండే వయసులో తను ముహర్రక్‌లో ఎవరింట్లోనో నిజం గిన్నెలు తోముతోంది. ఆ ఇసుకన్నం ఎవరు తిన్నారో ఇప్పటికీ తెలీదు.

ఈ రోజు పరీక్ష. నాలుగేళ్ళ పిల్లకి పరీక్షట! ఇవాళ నోరు విప్పకపోతే పేరు కొట్టేస్తారట.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ విజయరాణి మేడం కాగితం మీద కప్పుల బొమ్మ చూపించింది. "ఎన్ని ఉన్నాయి? ఏ రంగు?"

రోజీ గౌను అంచు నలుపుతూ నేల చూసింది.

నేల తుడుస్తున్న సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. "మేడం గారూ, ఆ కొట్టు దగ్గర అడగండి. రంగులూ చెబుద్ది, లెక్కా చెబుద్ది. ఓ టీ తాగి చూడండి."

"ఫీజు కట్టేది ఆటలకు కాదు. నువ్వు ఖాళీ కప్పుతో డ్యూటీలో కూర్చోవడం నేను చూశాను. ఆ అట్టలు ఇవాళే తీసేయ్. ఆదివారం అక్కడ బల్లలొస్తాయి."

పిల్లను ఎప్పుడైనా చూసిందా ఈవిడ? కుర్చీని చూసింది, కూర్చున్న ఆయాను చూసింది. చదువుకున్న కళ్ళకు కనబడేది ఇంతేనా?

మధ్యాహ్నం బెన్‌హర్ గ్రీజు చేతులతోనే పరుగున వచ్చాడు.

"ఇంట్లో వాగుడుకాయండీ, మేడం. ఇంకో నెల చూడండి."

"సారీ. పేరు తీసేసే ఫారం ఇది, సంతకం పెట్టండి."

అతను పెట్టాడు. మేడం ఫారం మీద 'మాట్లాడదు' అని రాస్తూ ఉంది. అప్పుడు రోజీ తండ్రి చెయ్యి విడిపించుకుని మూలకు పరిగెత్తింది. ఎర్ర కప్పును రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా అడుగులో అడుగేస్తూ తెచ్చి, మేడం బల్ల మీద పెట్టింది.

"వేడిగా ఉందండి. ఊదుకుని తాగండి. మూడు చెంచాలు వేశాను."

మేడం తల ఎత్తలేదు. "ఓకే, ఓకే. బై," అంది. రాయడం ఆపలేదు.

సువార్తమ్మ చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది. "మాట్లాడింది కదమ్మా! మీతోనే మాట్లాడింది! ఇంకేం కావాలి మీకు?"

"నీ పని చూసుకో."

రోజీ కాసేపు నిలబడి చూసింది, మేడం తాగుతుందేమోనని. తర్వాత తండ్రి ఎత్తుకుని తీసుకెళ్ళిపోయాడు. పిల్ల మళ్ళీ పెదవి బిగించేసింది.

సాయంత్రం సువార్తమ్మ టేపు ఊడదీసి, అట్టలు మడిచి బయట పడేసింది. ఆరు కప్పులు కడిగి బోర్లించింది. ఆఫీసు గది తుడవడానికి వెళ్తే మేడం బల్ల మీద, ఫైళ్ళ పక్కన, ఎర్ర కప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. కడగడానికని చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

కప్పు నిండా టీ అలాగే ఉంది.