చుక్కల సొర సీడీ

మంచం మీద నాలుగు సెల్‌ఫోన్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి మహేశ్వరి మొగుడు వీరేంద్రది. రెండు అతనితో పాటు వేటకి వెళ్లేవాళ్లవి. నాలుగోది ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆశాజ్యోతిది. నాలుగింటిలోనూ ఉన్నది ఒకటే, బుధవారం పొద్దున్న జాలరిపేట ఒడ్డున దొరబాబు పెద్దవలలో పడ్డ చుక్కల సొర.

ఆ రోజు మహేశ్వరి ఊళ్లో లేదు, భీమిలిలో పుట్టింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పేటంతా అదే మాట. రెండు కొసలూ పట్టుకుని నలభై మంది ఒడ్డు మీంచి లాగే వల అది. ఎప్పుడూ కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలే పడతాయి. ఆ పూట ఎంత లాగినా కదలనంత బరువెక్కింది. నడుం లోతుకి వచ్చాక చూస్తే వల సంచిలో బస్సంత చేప, ముదురు రంగు ఒంటి నిండా తెల్లటి చుక్కలు. మనిషిని ఏమీ చెయ్యని జాతి, చట్టప్రకారం పట్టకూడని జాతి. దొరబాబు, మరో ఆరుగురు కలిసి వల అంచు పైకెత్తి పట్టుకుంటే కిందనుంచి జారి సముద్రంలోకి వెళ్లిపోయిందని అందరూ చెప్పుకున్నారు.

ఈ కబురు అందుకుని సముద్ర జీవుల్ని కాపాడే సంస్థ నుంచి సాయిశంకర్ అనే ఆఫీసరు వచ్చాడు. ఆదివారం నాలుగింటికి కమ్యూనిటీ హాల్లో దొరబాబుకి శాలువా కప్పుతామన్నాడు. వీడియోలున్నాయని తెలిసి మరీ సంబరపడ్డాడు.

“వీటన్నిటినీ కలిపి ఒక డీవీడీ చేసేవాళ్లుంటే హాల్లో తెర మీద వేద్దాం. తరవాత ఎలమంచిలి వైపు తీరం ఊళ్లన్నీ తిప్పి చూపిస్తాను,” అన్నాడు.

వీరేంద్ర వెనకా ముందూ చూడలేదు. “మాయావిడ సేత్తాది సార్. గోపాలపట్నంలో కోర్సు సేసింది,” అనేశాడు.

చేసిన కోర్సు మూడు నెలలు, అది కూడా ఫోటోలు దిద్దడం వరకే. ఇంట్లో ఉన్న కంప్యూటరు ఆమె తమ్ముడు రోహిత్ లాప్‌టాప్ కొనుక్కుని వదిలేసినది. వీడియో సాఫ్ట్‌వేరు కూడా డీవీడీ రైటరు డబ్బాలో ఉచితంగా వచ్చిన సీడీలోది. దాంతో ఇప్పటిదాకా చేసినవి రెండు పుట్టినరోజులు, ఒక ఓణీల ఫంక్షను. అయినా మహేశ్వరికి భయం వెయ్యలేదు. తెర మీద తన పని చూడబోయే రెండు వందల మందిని తలుచుకుంటే ఒళ్లు ఝల్లుమంది.

శుక్రవారం మధ్యాహ్నం వంట కానిచ్చి కూర్చుంది. మొదటి గంట ఫోన్లలోంచి ఫైళ్లు లాగడానికే సరిపోయింది. రెండు ఫోన్ల వీడియోలను సాఫ్ట్‌వేరు అసలు గుర్తుపట్టనంది. వాటి ఫార్మాటు మార్చే ఇంకో చిన్న ప్రోగ్రాం దించుకుని ఒక్కొక్కటీ మార్చింది. వీరేంద్ర తీసినది చూస్తే నవ్వొచ్చింది. సగంసేపు ఆకాశం, సగంసేపు అతని కాళ్లు.

“సొరని తియ్యమంటే నీ సెప్పులు తీసావేటి?”

“కెరటాల్లో నిలబడి తియ్యి, నీకు తెలుస్తాది,” అన్నాడు వీరేంద్ర ఉడుక్కుంటూ.

కానీ పని లోపలికి దిగాక మహేశ్వరికి వేరే లోకం లేదు. తెర అడుగున పొడుగాటి పట్టీ. ఒక్కో ముక్కా తెచ్చి దాని మీద పెట్టడం, అక్కర్లేనిది కత్తిరించడం, మిగిలిన కొసలు రెండూ కలపడం. ఒక ఫోనులో జనం “లాగండ్రా” అని అరుస్తుంటే, ఇంకో ఫోనులో అదే అరుపు దూరంనుంచి వినబడుతోంది. రెండు అరుపులూ ఒకచోట పడేలా జరిపితే నాలుగు ఫోన్లూ ఒకే గడియారం మీద నడవడం మొదలెట్టాయి. తోక నీళ్లని కొట్టే క్షణం ఎడమనుంచి, కుడినుంచి, ఒడ్డు మీంచి, నీళ్లలోంచి కనబడింది. తాను చూడలేకపోయిన బుధవారం పొద్దు, తన చేతికింద ముక్కముక్కగా మళ్లీ తెల్లవారుతోంది.

శనివారం పొద్దున్న ఫోటోల మీద పడింది. డీవీడీ మొదట్లో కనబడే పేజీకి ఒక మంచి బొమ్మ కావాలి. ఆశాజ్యోతి ఒడ్డున గట్టు మీంచి తీసిన వాటిలో ఒకటి బాగుంది కానీ ఎండకి ఎదురుగా తియ్యడంతో సగం నలుపు. మహేశ్వరి వెలుగు పెంచింది, నీడలు తేల్చింది, రంగు కాస్త చిక్కన చేసింది. నలుపులోంచి మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. అదుగో దొరబాబు, వల అంచు భుజం మీదికి ఎత్తి. అదుగో వీరేంద్ర, చెయ్యెత్తి ఫోనుతో. అందరి మొహాలూ సొర తలవైపే ఉన్నాయి.

తోకవైపు మాత్రం ఒక మనిషి ఒంటరిగా ఉంది. ఎర్ర చీర, గోచీ బిగించి కట్టుకుంది. ఛాతీ దాకా నీళ్లు. కుడిచేతిలో ఏదో తళుక్కుమంటోంది.

మహేశ్వరి ఆ చోటుని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. చేపలు కోసే కత్తి.

ఫోటో వదిలి, నాలుగు వీడియోల్లోనూ అదే క్షణానికి పరుగెత్తింది. మూడింట్లో ఏమీ లేదు. వీరేంద్ర దాంట్లో, ఆకాశం నుంచి కాళ్లకి దిగే మధ్యలో, రెండంటే రెండు సెకన్లు ఉంది. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూసింది. కత్తి వల సంచి పక్కన దిగింది. బారెడు కిందికి లాగింది. సంచి నోరు తెరుచుకుంది. దొరబాబు వాళ్లు ఎత్తి పట్టిన అంచు కిందనుంచి కాదు, ఆ కోతలోంచి తిరిగి వెళ్లిపోయింది సొర. ఆఖరి ఫ్రేములో ఎర్ర చీర మనిషి ఇటు తిరిగింది.

ఆమె మహేశ్వరి అత్త, పోతమ్మ.

పోతమ్మ పెరట్లో ఉప్పు చేపలు తిరగేస్తోంది. వయసు అరవై దాటింది. పొద్దున్నే హార్బరుకి పోయి సరుకు తెచ్చి, గంప నెత్తిన పెట్టుకుని కాలనీలు తిరిగి అమ్ముకొచ్చే మనిషి. ఇంట్లో పదిమాటలకి ఒక మాట మాట్లాడుతుంది. బుధవారం గురించి ఆ ఒక్క మాట కూడా అనలేదు.

“అత్తా, ఒక్కపాలి లోపలికి రా.”

“ఏటి?”

“నువ్వు సూడాల.”

పోతమ్మ చేతులు కడుక్కుని వచ్చి తెర ముందు నిలబడింది. మహేశ్వరి ఆ రెండు సెకన్లూ నెమ్మదిగా నడిపించింది. పోతమ్మ మొహంలో ఏ మార్పూ రాలేదు, చీరకొంగు మాత్రం పిడికిట్లో నలిగింది.

“తీసీ అది,” అంది.

“ఎందుకత్తా? సొరని వదిలింది నువ్వు కదా.”

“వల ఎవులది? మీ సిన్నమావయ్యది. దాని మీద పదిళ్లు బతుకుతన్నాయి. ఒకళ్ల వల ఇంకొకళ్లు కోత్తారేటి? మగోడు కోసినా ఊరుకోరు, నానేటి.”

దొరబాబు పోతమ్మకి మరిది. ఆమె మొగుడు పోయాక వేటలో ఈ ఇంటి వాటా ఒక్కనాడూ ఎగ్గొట్టని మనిషి. మహేశ్వరికి అత్త భయం అర్థమైంది. అయినా అడక్కుండా ఉండలేకపోయింది.

“మరి ఎందుకు కోసావ్?”

పోతమ్మ తెర మీద సొరని చూపించింది. “మొప్పలు కొట్టుకుంటన్నాయి దానికి. ఊపిరాడతా లేదు. ఈళ్లేటో ఎత్తుతన్నారు, అది కదలతా లేదు. మిగిలినోళ్లంతా ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. సేతిలో కత్తుంది. కోసీసాను.”

అని పెరట్లోకి వెళ్లిపోయింది.

మహేశ్వరి ఆ రెండు సెకన్లూ పట్టీ మీంచి తీసేసింది. ఆడించి చూసింది. సొర వలలో ఉంది, మరుక్షణం సముద్రంలో ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. బొమ్మ బాగానే ఉంది, కానీ అబద్ధంలా ఉంది. వెనక్కి తెచ్చి పెట్టింది. మళ్లీ తీసింది. ఈసారి తిరిగి పెట్టేసి, లేచి నిలబడి, కంప్యూటరు ఆపకుండానే ఒడ్డుకి నడిచింది. అత్తకి మాట ఇవ్వలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదనుకుంది.

దొరబాబు ఇసకలో కూర్చుని వల కుడుతున్నాడు.

“సిన్నమావయ్యా, రేపటి సీడీ ఒకపాలి సూసి బాగుందో లేదో సెప్తావా?”

అతను సంబరంగా లేచి ఆమె వెంట ఇంటికొచ్చాడు. వీడియో మొదలయ్యాక కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తనని తాను చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఎర్ర చీర వచ్చింది, వెళ్లింది. దొరబాబు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

“మళ్లీ ఎయ్యి.”

వేసింది.

“ఇంకోపాలి. నెమ్మదిగా.”

మూడోసారి అయ్యాక అతను లేచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“మూడ్రోజుల్నుంచి కుడతన్నాను,” అన్నాడు. “సొర తోక కొడితే వల సిరుగుతాది. సిరిగితే దారాలు పీసుపీసులుగా ఉంటాయి. ఇది గీత గీసినట్టు ఉన్నాది. ఇదేటి ఇంత తిన్నగా తెగిందని కుడతా ఉంటే ఒకటే ఆలోసన.” ఆగి, నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. “మా వదిన కోతా ఇది. సేప కోసినట్టే కోసింది. నాను లేనిపోని పేరు కట్టీసుకున్నాను.”

“అత్త తీసీమంటంది మావయ్యా. నీకు కోపం వత్తాదని.”

“కోపమేటి? అది వలలో సచ్చిపోయుంటే నా వలకి ఎంత సెడ్డపేరు? ఆ ముక్క తియ్యకు. ఇంకా పెద్దగా కనబడేటట్టు సెయ్యి. వదినతో నాను మాట్లాడతాను.”

మాట్లాడాడో లేదో మహేశ్వరికి తెలియదు. మళ్లీ పనిలో పడిపోయింది. ఆ రెండు సెకన్లనీ పది సెకన్లకి సాగదీసింది. ముందు మామూలుగా, తరవాత దగ్గరగా, తరవాత ఆశాజ్యోతి ఫోటో. అరుపులన్నీ అక్కడ తగ్గించి, నీళ్ల చప్పుడొక్కటే ఉంచింది.

ఆదివారం పదింటికి మొత్తం వీడియో ఒక ఫైలుగా తయారయింది. రైటరులో ఖాళీ డిస్కు పెట్టింది. అరవై శాతం దాకా వచ్చి తెర మీద ఎర్రగా తప్పు చూపించింది. ఆ డిస్కు పనికి రాకుండా పోయింది. రెండోది తొంభై దాకా వచ్చింది. వీరేంద్ర వెనక నిలబడి అంకెలు పైకి చదువుతున్నాడు. తొంభై రెండు దగ్గర కరెంటు పోయింది.

“అయిపోనాది,” అన్నాడు.

“నోరు ముయ్యి,” అంది మహేశ్వరి.

ఇంట్లో మిగిలింది ఒక్కటే డిస్కు. గంటన్నర తరవాత కరెంటు వచ్చింది. టైము ఒకటిన్నర. ఈసారి తొందరపడలేదు. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేసింది. రాసే వేగం బాగా తగ్గించి పెట్టింది. డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడిచింది. బటను నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల డిస్కు తిరిగే సన్నటి చప్పుడు. ముప్ఫై. యాభై. వీరేంద్ర ఈసారి అంకెలు చదవలేదు, ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. తొంభై రెండు. తొంభై మూడు. ఆ అంకె దాటగానే అతని వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి. నూరు. ట్రే దానంతటదే బయటికొచ్చింది. డిస్కు గోరువెచ్చగా ఉంది. మహేశ్వరి దాన్ని రెండు అరచేతుల మధ్యా అంచులు పట్టుకుని ఎత్తుకుంది.

హాలు నిండి జనం కిటికీలకి వేలాడుతున్నారు. సాయిశంకర్ డిస్కు పెట్టి, రిమోటు మహేశ్వరి చేతికే ఇచ్చాడు. తెర మీద చుక్కల సొర బొమ్మ, పక్కనే ఆమె పెట్టిన బటను. నొక్కింది.

మొదటి అరనిమిషం ఎవరి గోల వాళ్లది. అదుగో నాను, అదుగో మా సెల్లి. వీరేంద్ర కాళ్లు ఒక్క ముక్క ఉంచింది కావాలనే, దానికి హాలంతా నవ్వింది. తోక నాలుగు దిక్కులనుంచి లేచినప్పుడు చిన్న పిల్లలు బెంచీలెక్కారు. తరవాత అరుపులు ఆగి, నీళ్ల చప్పుడు వచ్చింది. ఎర్ర చీర. కత్తి. హాల్లో ఒక్కరూ కదల్లేదు. కోత తెరుచుకుని సొర మెల్లగా తిరిగి, పచ్చటి నీళ్లలో నీడలా మారి, లోతుకి వెళ్లిపోయింది.

దొరబాబు మైకు అందుకున్నాడు.

“వల నాదే. కోసింది మాత్రం మా వదిన పోతమ్మ. నాను ఎత్తాననుకున్నాను, అది నా బెమ. ఆవిడ కోసుండకపోతే మనం ఇయ్యాల ఇక్కడ ఉండం. సెప్పవలసింది ఇదే.”

చప్పట్లకి రేకులు అదిరాయి. పోతమ్మ ఆడవాళ్ల వరసలో ఆఖరున గోడకి ఆనుకుని ఉంది. అందరూ ఒక్కసారి తిరిగి చూసేసరికి ఎటు పోవాలో తెలియక నిలబడింది. సాయిశంకర్ శాలువా తీసుకుని ఆమె దగ్గరికే నడిచి వెళ్లాడు. ఆమె అతన్ని కాదు, మరిదిని చూసింది. దొరబాబు తలూపాడు. అప్పుడు వంగి శాలువా కప్పించుకుంది.

జనం మళ్లీ వెయ్యమన్నారు. మూడుసార్లు వేశారు.

సోమవారం మధ్యాహ్నం సాయిశంకర్ ఫోన్ చేశాడు. ఊళ్లకి తీసుకెళ్లడానికి ఇరవై డిస్కులు కావాలన్నాడు. చూసేవాళ్లకి అర్థమయ్యేలా వీడియో మీద ఎవరైనా మాట్లాడితే ఇంకా బాగుంటుందన్నాడు. మహేశ్వరి ఆ సాఫ్ట్‌వేరులో మైకు బొమ్మ ఉన్న బటను ఇంతవరకూ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు నొక్కి చూసింది, తన దగ్గు ఆకుపచ్చ గీతల్లా తెర మీద లేచింది. వెంటనే లేచి పెరట్లోకి పోయి అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

పోతమ్మ కుర్చీ అంచున కూర్చుంది. కోడలు తలకి హెడ్‌ఫోను తగిలిస్తుంటే మెడ బిగించుకుంది.

“నా సీర అంత ఎర్రది కాదు,” అంది తెర చూస్తూ. “పాతదది.”

“రంగు నానే పెంచానత్తా.”

“ఊఁ. బాగుందిలే. ఏటి సెప్పమంటావ్?”

“ఆ రోజు నీకు ఏటి కనబడిందో అదే సెప్పు.”

మహేశ్వరి ఎర్ర బటను నొక్కి, వేలు పైకెత్తి సైగ చేసింది. తెర మీద నలభై మంది వల లాగడం మొదలుపెట్టారు. పోతమ్మ గొంతు సవరించుకుని, మైకుకి మరీ దగ్గరగా వంగి మాట్లాడడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ల కాపరంలో అత్త అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం మహేశ్వరి ఎప్పుడూ వినలేదు. ఆకుపచ్చ గీతలు తెర కొసదాకా పరుగెడుతుంటే, ఆపే బటను మీద వేలుంచి కూడా నొక్కకుండా వింటూ కూర్చుంది.