గాలి కొట్టే పక్క

గుంటూరు షాపులో బల్ల మీద రెండు లాప్‌టాపులు పక్కపక్కనే పెట్టారు. రెండూ నల్లవే, రెండూ ఒకటే మందం. ఒకదానిలో ప్రాసెసర్ కాస్త వేగమని చెప్పాడు షాపాయన శ్రీకృష్ణ.

"దాని మీద పెళ్లి వీడియో మిక్సింగ్ మధ్యాహ్నం పెడితే దీపాలవేళకి తేలుద్ది. దీని మీదైతే ఇంకో గంట ముందే లేచిపోవచ్చు మాబు గారూ."

మా ఆయన మాబు వినుకొండలో పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. కరెంటు కోతల్లో పని ఆగకూడదని లాప్‌టాప్ కొనడానికి వచ్చాం. నా చంకలో పాప కరీమున్. దానికి ఆయాసం. మిరప ఘాటు తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కానీ మా అత్త సైదాబీ వ్యాపారుల దగ్గర మిరపకాయల బస్తాలు తెచ్చుకుని మా ఒంటిగదిలోనే తొడిమలు తీస్తుంది. పెరట్లో రేకులు వేసి ఆ పని అక్కడికి మార్చాలని కొంత డబ్బు పక్కన పెట్టుకున్నాం. వేగందానికి ఎక్కువ అడుగుతున్నది దాదాపు ఆ రేకుల డబ్బే.

"ఒక్క గంట కోసమా?" అన్నాను.

"గంటంటే ఏమనుకున్నావే? ముహూర్తాల్లో గంటా గంటా కలిస్తే ఇంకో పెళ్లి ఒప్పుకోవచ్చు. ఆ డబ్బుతో రేకులేంటి, స్లాబే వేయిద్దాం."

"స్లాబు ఎప్పుడో. పాప ఆ గాలి ఇప్పుడు పీలుస్తోంది గదయ్యా."

శ్రీకృష్ణ నవ్వాడు. "మీ ఆవిడ బేరం బాగా ఆడుతున్నారండీ."

నేను ఆడింది బేరం కాదు. వేగందాని పక్కన చెయ్యి పెట్టి చూశాను. సన్నటి కంతల్లోంచి వేడిగాలి కొడుతోంది. రెండోదాని దగ్గర అంత లేదు.

"ఇదెందుకు ఇంత కాలుతోంది?"

"పరిగెత్తే ఎద్దు రొప్పదా అమ్మా?"

మాబు కూడా నవ్వాడు. వేగందే కొన్నాడు.

ఇంట్లో స్విచ్చిబోర్డు ఒక్కటే. ఆ గోడ వారనే అత్త కాయల గుట్ట. మాబు లాప్‌టాప్‌ను పీట మీద పెట్టి మిక్సింగ్ మొదలుపెట్టగానే దాని కంతల్లోంచి గాలి కాయల గుట్ట మీదికి బుసకొట్టింది. కిటికీ వెలుగులో ఎర్రటి నుసి లేచి మంచం వైపు సాగడం చూశాను.

అత్త వరసగా తుమ్మింది. "ఇదేందిరా, పోపు మీద గొట్టం పెట్టి ఊదినట్టుందే."

"అలవాటైపోద్దిలే అమ్మా."

"కాయలన్నా పెరట్లో పెట్టు అత్తా," అన్నాను.

"మంచు తగిలి రంగు పోతే వ్యాపారికి నువ్వు చెప్తావా?"

ఆ రోజు పొద్దు గూకకముందే పని తేలింది. మాబు సంతోషంగా ఇంకో పెళ్లి ఒప్పుకున్నాడు, ఆ తర్వాత మరొకటి. మిషనుకు విశ్రాంతి లేదు. పాప దగ్గు పొడిగా మొదలై, పాలు తాగనివ్వనంతగా పెరిగింది. తడిగుడ్డ ఒకటి మంచానికి అడ్డంగా కట్టాను. సాయంత్రానికి ఆ గుడ్డ ఎర్రబడింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది. లాప్‌టాప్ ఆగలేదు, బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. ఆ నిశ్శబ్దంలో దాని గాలి తప్ప ఏమీ వినపడలేదు. పాప దగ్గు కూడా లేదు.

"చూశావా, తగ్గింది," అన్నాడు మాబు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

నేను పాప గౌను పైకెత్తాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. పెదాల చుట్టూ రంగు మారింది.

"తగ్గలేదు. దగ్గే ఓపిక లేదు దానికి. లే."

"కొంచెమే మిగిలింది. ఇప్పుడాపితే మళ్లీ మొదటికొస్తది."

పాపను తీసుకెళ్లి అతని ఒళ్లో పెట్టాను. అతని అరచెయ్యి పాప వీపు మీద పడింది, అక్కడే ఆగిపోయింది. తర్వాత అతని మొహం చూడలేకపోయాను. మిషను అలా నడుస్తుండగానే పాపను భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. వెనకే నేను.

ఆసుపత్రిలో నర్సు పాప మొహానికి మాస్కు పెట్టింది. జనరేటర్ మీద నడుస్తున్న పెట్టెలోంచి మందు పొగ వస్తోంది. డాక్టరు స్టెతస్కోపు చాలాసేపు తియ్యలేదు.

"గుంటూరు తీసుకెళ్లాల్సి రావచ్చు. బండి మాట్లాడి ఉంచండి," అన్నాడు.

"రేపే ఆ మిషను తిరిగిచ్చేస్తాను," అన్నాడు మాబు నాతో. "రేకులు వేయిస్తాను."

పాప ఎముకల మధ్య గుంటలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"మాస్కు జారుతోంది," అన్నాను. "సరిగ్గా పట్టుకో. నేను బండి చూసొస్తా."