కుట్టిన పుస్తకం

కొట్లోని నోటు పుస్తకాలన్నీ తిరగేసినా చెల్లెలికి ఏదీ నచ్చడం లేదు. రేపే ప్రయోగశాలలో చేరాలి. మేడమ్ ముందే చెప్పేశారు: "చేసిందంతా ఒకే పుస్తకంలో, పెన్నుతో రాయాలి. వారం చూశాక ఉంచుకుంటానో లేదో చెప్తాను."

'ఒకే' అన్న మాట దగ్గరే చిక్కొచ్చి పడింది. బడి రోజుల నుంచీ ఆమెకు రెండేసి పుస్తకాలు: రఫ్ ఒకటి, ఫెయిర్ ఒకటి. తడబాట్లన్నీ రఫ్‌లోనే సమాధి.

"స్ప్రింగుది తీసుకుంటానక్కా. తప్పు పడితే పేజీ లాగేయొచ్చు, ఆనవాలుండదు."

"లాగీ లాగీ ఆఖరికి మీ మేడమ్‌కి అట్టలు చూపిస్తావు," అంది అక్క. "అయినా, అది నువ్వు లాగకపోయినా ఊడొచ్చేదేనే తల్లీ."

చెల్లెలు మూతి ముడుచుకుని, పేజీలకు అంకెలు వేసిన కుట్టు పుస్తకం తెరిచింది. మధ్యలో దారం కనిపించింది. ఒక కాగితాన్ని వేలితో వెంబడించింది. అది దారం కిందుగా దూరి, అవతల మరో పేజీగా తేలింది.

"అక్కా, ఇటు చూడు! ఇక్కడ తప్పు చింపితే అక్కడెక్కడో ఒప్పు ఊడిపోతుంది."

"పుస్తకం కొనమంటే వేదాంతమా? కాళ్లు పీకుతున్నాయి, పద."

అదే కొన్నారు.

మర్నాడు ప్రయోగశాలలో త్రాసు మీద మొదటి తూకంగా ఒక పొడి తూచి, అంకె రాసింది. రాశాక చూసుకుంటే ఎక్కువొచ్చింది. పొడి కింద పెట్టిన కాగితం బరువు తీసెయ్యలేదు. వేళ్లు పేజీ అంచు దాకా వెళ్లాయి. అవతలి పేజీ గుర్తొచ్చి ఆగాయి. అంకె మీద ఒక్క గీత గీసింది. కింద అంకె ఇంకా కనిపిస్తూనే ఉంది.

"ఏంటా కొట్టివేత?" వెనక నుంచి మేడమ్.

"కాగితం బరువు కలిసిపోయింది మేడమ్."

"ఎంతుంటుంది కాగితం బరువు?"

ఇన్నేళ్లూ తప్పును పారేయడమే తప్ప, దాని బరువెంతో ఆమె చూడలేదు. ఉత్త కాగితాన్ని త్రాసు మీద పెట్టింది. చూసి రాసుకుంది. మరో కాగితం పెట్టింది. అంకె మారింది.

"అన్నీ ఒకేలా లేవు మేడమ్! చివర్లు కత్తిరించడంలో తేడానా, చెమ్మ పట్టిందా?"

వెళ్లబోతున్న మేడమ్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"ఇంకోటి పెట్టు, చూద్దాం."